చెట్టెక్కిన ద్రాక్ష

బస్సు కమార్గోలో దింపేసరికి
రెండు చెవులూ దిబ్బడేసి ఉన్నాయి.
సముద్రమట్టానికి రెండువేల నాలుగొందల మీటర్లని
మందులషాపు గోడ మీద ఎవరో సుద్దతో రాశారు.
లోయకు అటూ ఇటూ కొండలు,
అప్పుడే బట్టీ విప్పిన ఇటుకల్లా.
నడుమ సన్నటి పచ్చచార.
ఊరూ అదే, ఏరూ అదే, తోటా అదే.

మొదటి వైనరీ మరీ కొత్తది,
తలుపుకి రంగింకా ఆరలేదు.
మూడు స్టీలు పీపాల్లో ఒకటే నిండింది.
లిస్బెత్‌కి ఇరవయ్యారేళ్లు,
తరీహాలో ఈ విద్యే చదువుకొచ్చింది.
గ్లాసు తిప్పమంది, వాసన చూడమంది,
ఏం తగిలిందో చెప్పమంది.
పుస్తకాల్లోని పళ్ల పేర్లన్నీ తలుచుకుని
ఒక్కటీ చేతికి చిక్కక
"వాన పడ్డ ఇటుక" అన్నాను.
నవ్వకుండా నోట్‌బుక్కులో రాసుకుంది.
లాపాస్ నుంచి లేబుళ్లు రాలేదట.
సీసాలకి కాగితం టేపు, టేపు మీద పెన్సిల్ అంకెలు.
ఒకదాని మీద మటుకు అంకె లేదు,
"ఓపిక" అని ఉంది.

రెండోది మూసి ఉంది.
యజమాని పెళ్లికెళ్లాడని ఒకరు,
బ్యాంకుకెళ్లాడని ఇంకొకరు.
రెండూ ఒకటేలే, అన్నాడు
మా డ్రైవరు ఎర్మోహెనెస్, బండి వెనక్కి తిప్పుతూ.

మూడోదానికి బోర్డే లేదు.
బూట్లు చేత పట్టుకుని ఏరు దాటాలి.
తోటేదీ అని వెతుకుతున్నాను.
పందిరి లేదు, రాటల్లేవు, తీగె కట్టిన వరసల్లేవు.
అన్నీ చెట్లే, మోల్యే చెట్లు,
ఆకు నలిపితే మిరియం వాసన.
అప్పుడు తలెత్తాను.
నా తొడంత లావు ద్రాక్ష మొదలు
చెట్టును మెలేసుకుంటూ పైకి పోయి
కొమ్మకొమ్మకీ నల్లగా వేలాడుతోంది.

నిచ్చెన చివర దోన్యా సతుర్నీనా.
రెండు జడలూ వీపు మీద కలిపి ముడేసి,
కత్తి పళ్ల మధ్య పట్టుకుని.
వయసు డెబ్బైమూడని ఆమె లెక్క,
ఎనభై ఎప్పుడో దాటిందని మనవడి లెక్క.

అందని ద్రాక్ష పుల్లన అని మాకో సామెత ఉంది.
నా వచ్చీరాని స్పానిష్‌లో చెప్తే
ఎర్మోహెనెస్ దాన్ని కెచువాలోకి మార్చి
పైకి విసిరాడు.
పైనుంచి నవ్వూ గుత్తీ కలిసి పడ్డాయి.
"పాపం, ఆ మాటన్నవాడికి నిచ్చెన లేదేమో.
పైవే తీపి.
మంచు నేల మీద పాకుతుంది,
ఏరు పొంగినా నేల మీదే పొంగుతుంది.
కిందున్నదాన్నే కదా పట్టుకుపోతాయి."

దిగొచ్చి, కుండలోంచి
అంచు పెచ్చులూడిన పింగాణీ కప్పులో పోసింది.
ముందు నేలకు ఓ గుక్క, పాచమామ తాగాలి,
తర్వాతే నేను.
ద్రాక్షపాకమంటే
నాలుకకి తగలగానే కరిగేదని బళ్లో చెప్పారు.
ఇది కరగలేదు.
ముందు పులుపు, వెనకే మిరియం,
ఆపైన దవడల్లో తడి సున్నం లాంటి వగరు.
కప్పు కింద పెట్టి మాటల్లో పడ్డాక,
పిలవని చుట్టంలా తీపి.

చెట్లు కొట్టేసి తీగెలు లాగితే
ఎకరానికి రెట్టింపు దిగుబడని
పోయినేడు ఎవరో కారులో వచ్చి చెప్పారట.
అతనికీ ఓ కప్పు పోసి పంపిందట.
ఇప్పుడామె పళ్లు కొనేది లిస్బెత్ ఒక్కతే,
అదీ అరువు మీద.
ఆ "ఓపిక" ఈ చెట్టుదే.

చెట్టుకి లోపల తొర్ర పడింది.
తీగకింకా వయసుంది, మోసేదానికి లేదు.
పక్కనే మోకాలెత్తు మోల్యే మొక్కని చూపించింది.
ఇది ఎదిగాక తీగని దీని మీదికి మళ్లించాలి.
ఎన్నేళ్లకి, అని అడిగాను.
జవాబు చెప్పకుండా
మొక్క పట్టుకోమని నాకిచ్చి
కర్ర పాతింది.
కట్టడానికి తాడు కోసం అటూ ఇటూ చూసింది.

కమార్గో దాకా తిరుగు నడక.
ఎడమ బూటు అడుగడుక్కీ ఊడుతోంది,
లేసు లేక.